స్టాండు మీద ఉరిమితే బండి వేడెక్కదు

డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున ఆరున్నరకి బెంగళూరు మారతహళ్ళి వైపు ఏ పీజీ హాస్టల్ సందులోకి వెళ్ళినా ఒకటే తంతు. పాత స్ప్లెండరో పల్సరో సెంటర్ స్టాండు మీద ఉంటుంది. చలి స్టార్ట్‌కి పెట్రోల్ ఎక్కువ పంపే చోక్ పూర్తిగా లాగి ఉంటుంది. ఇంజన్ గోల పెడుతూ ఉంటుంది. బండి ఓనరు మాత్రం లోపల ఇడ్లీ తింటూ ఉంటాడు. మధ్యలో ఒకసారి బయటికొచ్చి నాలుగు రేసులు ఇచ్చి మళ్ళీ లోపలికి పోతాడు. అడిగితే "చలి కదండీ, ఇంజన్ వేడెక్కాలి" అంటాడు.

ఈ అలవాటు మీద నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. బెంగళూరు చలికి ఆరోగ్యంగా ఉన్న ఫోర్ స్ట్రోక్ కార్బొరేటర్ బండి (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపేది కార్బొరేటర్) నిమిషం లోపు గేటు దాటాలి. ఐదేసి నిమిషాలు స్టాండు మీద ఉంచితే తప్ప నిలబడని బండికి ఎక్కడో రిపేరు ఉంది. మనం వార్మప్ అని పిలుచుకునేది చాలాసార్లు ఆ రిపేరుని ఇంకో సీజన్‌కి వాయిదా వేయడమే.

ముందు చలి సంగతి. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తులో ఉంది. చలికాలం తెల్లవారుజామున సాధారణంగా 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, కొన్ని రోజులు 12కి జారుతుంది. 1884 జనవరి 13న నమోదైన 7.8 డిగ్రీలు ఇప్పటికీ ఈ ఊరి రికార్డు. అంటే మనకి స్వెట్టర్ వేసుకునే చలి ఉంది గానీ ఇంజన్ ఆయిల్ గడ్డకట్టే చలి లేదు. వార్మప్ గురించి నెట్‌లో దొరికే సలహాల్లో చాలావరకు మంచు కురిసే దేశాల వాళ్ళు రాసుకున్నవి. వాటిని తెచ్చి కోరమంగళలో పాటిస్తే బండికి మేలు కంటే కీడే ఎక్కువ.

"ఆయిల్ పైకి ఎక్కాలి కదా" అనేది మెకానిక్‌లు కూడా చెప్పే మాట. ఎక్కాలి, కాదనను. కానీ దానికి ఎంతసేపు పడుతుంది? 20డబ్ల్యూ-40 అనే డబ్బా మీద డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించినది. 20డబ్ల్యూ ఆయిల్‌కి చలి పరీక్షలు పెట్టేది మైనస్ 15, మైనస్ 20 డిగ్రీల దగ్గర. 10డబ్ల్యూ-30 అయితే ఇంకో పది డిగ్రీలు కిందికి. ప్లస్ 14లో ఏ ఆయిలైనా పంపు తిప్పిన కొన్ని సెకన్లలో ఇంజన్ పైన వాల్వ్‌లని ఆడించే క్యామ్, రాకర్ల దాకా వెళ్తుంది. ఆ కొన్ని సెకన్లు ఇంజన్‌ని రేస్ చేయకుండా వదిలితే చాలు. విచిత్రం ఏమిటంటే ఐదు నిమిషాలు వేడెక్కించే వాళ్ళే స్టార్ట్ అయిన మరుక్షణం రయ్యిమని నాలుగు రేసులు ఇస్తారు. ఏ ఆయిల్ కోసం ఆగుతున్నామంటున్నారో ఆ ఆయిల్ చేరకముందే రాకర్లని, క్యామ్‌ని ఎండుగా రుద్దేస్తారు.

మరి చోక్ ఎందుకు? ఇబ్బంది అంతా పెట్రోల్‌ది. పెట్రోల్ అనేది ఒక్క ద్రవం కాదు. 30 డిగ్రీల చుట్టుపక్కలే మరిగే తేలిక భాగాలు, 200 దగ్గరికి వెళ్తే గానీ మరగని బరువు భాగాలు కలిసి ఉంటాయి. మండేది ఆవిరి మాత్రమే. చల్లటి ఇంజన్‌లో కార్బొరేటర్ నుంచి వచ్చిన తుంపరలో చాలా భాగం ఇంజన్‌లోకి వెళ్ళే గొట్టం, అంటే మానిఫోల్డ్ గోడలకీ ఇన్లెట్ పోర్టుకీ చెమ్మలా అంటుకుని ఉండిపోతుంది. పూర్తిగా మండాలంటే బరువు లెక్కన ఒక పాలు పెట్రోల్‌కి 14.7 పాళ్ళ గాలి అని లెక్క. కార్బొరేటర్ ఆ లెక్కకి దగ్గరగా కలిపి పంపినా, ప్లగ్గు దగ్గరికి వచ్చేసరికి ఆవిరి రూపంలో ఉన్నది అందులో కొంతే. చోక్ చేసేది ఒక్కటే: తేలిక భాగాల ఆవిరితోనే పని గడిచేంతగా పెట్రోల్‌ని ఎక్కువ పోయడం.

ఆవిరి కాకుండా మిగిలిన పెట్రోల్ ఎక్కడికి పోతుందో ఎవరూ అడగరు. పిస్టన్ ఆడే బోరు గోడ మీదికి పోతుంది. అక్కడున్న పల్చటి ఆయిల్ పొరని కడిగేస్తుంది. రింగుల పక్కనుంచి కిందికి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఫుల్ చోక్‌లో రోజూ ఐదేసి నిమిషాలు ఆడే బండి డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, పెట్రోల్ వాసన కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఆయిల్ మట్టం తగ్గడం లేదని మురిసిపోయే వాళ్ళలో కొందరికి ఆ మట్టాన్ని నిలబెడుతున్నది పెట్రోలే.

ఇంకోటి నీళ్ళు. లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంజన్, సైలెన్సర్ వేడిగా ఉంటే అది ఆవిరిగా పోతుంది. స్టాండు మీద ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఊరికే ఆడుతున్నప్పుడు, ఇంజన్ పై భాగమైన హెడ్డు కాస్త వేడెక్కినా సైలెన్సర్ వెనక భాగం చల్లగానే ఉంటుంది. ఆవిరి అక్కడ నీరై నిలబడి లోపలినుంచి తుప్పు మొదలుపెడుతుంది. పైన క్రోమ్ మెరుస్తూనే ఉంటుంది, ఒకరోజు కింద చిల్లు పడుతుంది.

అసలు ఐడిలింగ్‌తో ఇంజన్ సమంగా వేడెక్కదు. లోడు లేని ఇంజన్ చాలా తక్కువ పెట్రోల్ మండిస్తుంది, కాబట్టి పుట్టే వేడీ తక్కువే. ఆ కాస్తా పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ పోర్టు చుట్టూ పోగవుతుంది. గేర్ బాక్సు, క్లచ్, ఛాంబర్‌లో ఉన్న ఆయిల్ చల్లగానే ఉంటాయి. ఎయిర్ కూల్డ్ బండికి ఎదురుగాలి కూడా ఉండదు. అదే పని లోడు మీద, నెమ్మదిగా నడుపుతూ చేస్తే రెండు మూడు కిలోమీటర్లలో ఇంజన్ పై భాగం దారిలో పడుతుంది. ఆయిల్ పూర్తిగా వేడెక్కడానికి ఇంకొన్ని కిలోమీటర్లు పడుతుంది. ఆ వేడి స్టాండు మీద ఎంతసేపు నిలబెట్టినా రాదు.

సరే, ఎలా స్టార్ట్ చేయాలి? ఇక్కడ మన చేతిలో ఉన్నది ఏ రకం చోక్ అన్నది తెలియాలి, ఎందుకంటే రెంటికీ యాక్సిలరేటర్ దగ్గర పద్ధతి వేరు.

స్ప్లెండర్, సీడీ 100 తరహా బళ్ళలో చోక్ అంటే నిజంగానే అడ్డుకట్ట. కార్బొరేటర్ నోటి దగ్గర ఒక పలక ఉంటుంది, పక్కనున్న చిన్న లివర్ తిప్పితే అది గాలిదారిని మూసేస్తుంది. గాలి తగ్గి, లోపల పీల్పు పెరిగి, పెట్రోల్ ఎక్కువ లాగబడుతుంది. ఈ రకానికి యాక్సిలరేటర్ కొంచెం, అంటే ఎనిమిదో వంతు, తెరిచి కిక్ కొట్టినా ఫరవాలేదు.

యమహా ఆర్ఎక్స్ 100లోని మికుని వీఎం కార్బొరేటర్, పాత బుల్లెట్‌లోని అదే జాతి కార్బొరేటర్, హ్యాండిల్ మీద చోక్ లివర్ ఉన్న పల్సర్ లాంటి బళ్ళలోని సీవీ కార్బొరేటర్లలో పలక ఉండదు. అక్కడ విడిగా ఒక చిన్న దారి ఉంటుంది. దాన్ని మూసి ఉంచే ఇత్తడి ప్లంజర్‌ని మనం లివర్‌తో పైకి లేపుతాం. అప్పుడు ఇంజన్ పీల్చే పీల్పుకి కార్బొరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె, అంటే ఫ్లోట్ బౌల్ నుంచి విడిగా పెట్రోల్ వస్తుంది. ఆ పీల్పు గట్టిగా ఉండాలంటే యాక్సిలరేటర్ పూర్తిగా మూసి ఉండాలి. యాక్సిలరేటర్ తెరిచిన క్షణం గాలి పెద్ద దారిలోంచి దూసుకెళ్తుంది, ఆ చిన్న దారిలో పీల్పు పడిపోతుంది, చోక్ ఉన్నా లేనట్టే. "చోక్ లాగినా స్టార్ట్ కావట్లేదు" అని చెమటలు కక్కుతూ కిక్ కొట్టేవాళ్ళ కుడి మణికట్టు చూడండి, సగం తిరిగి ఉంటుంది. వదిలేయమనండి, మూడో కిక్కుకి అందుకుంటుంది.

కిక్ కొట్టే ముందు యాక్సిలరేటర్ నాలుగైదుసార్లు తిప్పడం కూడా ఇలాంటి నమ్మకమే. పాత కార్లలో పెడల్ తొక్కితే పెట్రోల్ చిమ్మే పంపు ఉండేది. మన 100 సీసీ, 150 సీసీ కార్బొరేటర్లలో చాలావాటికి అది లేదు. ఆగిన ఇంజన్ మీద యాక్సిలరేటర్ తిప్పితే లోపల గాలిదారి తెరుచుకుని మూసుకుంటుంది, అంతే.

పద్ధతి ఇది. పెట్రోల్ ట్యాప్ తెరిచి పాతిక, ముప్పై సెకన్లు ఆగండి, బౌల్ నిండాలి. బండి గేర్‌లో పెట్టి క్లచ్ పట్టుకుని ఒకసారి ముందుకీ వెనక్కీ తొయ్యండి. రాత్రంతా చల్లబడి అతుక్కున్న క్లచ్ ప్లేట్లు విడతాయి. లేకపోతే మొదటి గేర్ వేయగానే ధడేల్మని ఎగిరి బండి ఆగిపోతుంది. న్యూట్రల్‌లో, తాళం ఆఫ్‌లో ఉంచి, చోక్ పూర్తిగా లాగి రెండు కిక్కులు నెమ్మదిగా కొట్టండి. బోరులోకి పెట్రోల్ వెళ్తుంది, ఆయిల్ పంపూ రెండు చుట్లు తిరుగుతుంది. తర్వాత తాళం ఆన్ చేసి పూర్తి కిక్. సెల్ఫ్ ఉన్నా పొద్దున మొదటి స్టార్ట్ కిక్‌తో చేయడం మంచిది. చలికి బ్యాటరీ సత్తువ తగ్గుతుంది, బ్యాటరీ మీద ఆధారపడ్డ ఇగ్నిషన్ ఉన్న బండిలో సెల్ఫ్ మోటారు కరెంటంతా లాగేస్తే ప్లగ్గుకి నీరసపు స్పార్కే మిగులుతుంది.

స్టార్ట్ అయ్యాక పది పదిహేను సెకన్లు ఫుల్ చోక్, ఆ తర్వాత సగం. హెల్మెట్ బకిల్ పెట్టుకుని, గ్లవ్స్ వేసుకునే సమయం సరిపోతుంది. ఇంజన్ స్థిరంగా ఆడుతుంటే బయల్దేరండి. మొదటి మూడు నాలుగు వందల మీటర్లలో చోక్ పూర్తిగా మూసేయండి, అంటే లివర్‌ని మామూలు స్థానానికి తెచ్చేయండి. మూసినా మొదటి సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిపోకుండా ఆడితే బండి బాగున్నట్టు. బేస్‌మెంట్ పార్కింగ్ అయితే స్టార్ట్ చేయకుండానే ర్యాంపు పైకి తోసుకురండి. రిచ్ మిక్సర్ మీద, అంటే గాలికి తగినదానికంటే పెట్రోల్ ఎక్కువైన మిశ్రమం మీద, చల్లటి ఇంజన్ కక్కేది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. దానికి వాసన ఉండదు, గాలాడని చోట పేరుకుంటుంది. సెక్యూరిటీ అన్న ఎనిమిది గంటలు కూర్చునేది అక్కడే.

మొదటి రెండు మూడు కిలోమీటర్లు యాక్సిలరేటర్ మూడో వంతు దాటకూడదు. కానీ "నెమ్మదిగా" అంటే టాప్ గేర్‌లో 25లో గుంజుకుంటూ పోవడం అనుకుంటారు చాలామంది. చల్లటి ఇంజన్‌ని తక్కువ ఆర్‌పీఎంలో లోడు పెట్టి దడదడలాడించడం రేస్ చేసినంత చేటు. ఒక గేర్ తక్కువలో, ఇంజన్ తేలిగ్గా తిరుగుతూ పోవాలి. రింగ్ రోడ్డు ఎక్కేవాళ్ళు మొదట సర్వీస్ రోడ్డులోనే ఆ దూరం లాగించేయొచ్చు. ఆఫీసు రెండు కిలోమీటర్లే అయితే బండి రోజూ వేడెక్కకుండానే ఆగిపోతుంది. ఆయిల్ మూత లోపల తెల్లటి మీగడలాంటి నురగ కనిపిస్తే అది నీరు కలిసిన ఆయిల్. అలాంటి బండికి కిలోమీటర్లు నిండకపోయినా ఆయిల్ ముందుగానే మార్చాలి, వారానికోసారైనా అరగంట రోడ్డు మీద తిప్పాలి.

ఇంతవరకూ చెప్పిన నిమిషం లెక్కకి మినహాయింపులు రెండు.

మొదటిది టూ స్ట్రోక్, అంటే పెట్రోల్‌తో పాటే ఆయిల్ కూడా మండే ఇంజన్. బెంగళూరులో ఆర్ఎక్స్ 100 మీద ఉన్న మోజు చెప్పక్కర్లేదు. 1985 నుంచి 1996 దాకా వచ్చిన బండి, ఇప్పటికీ కొన్నప్పటి ధరకి ఎన్నో రెట్లు పలుకుతుంది. దాని బోరు 50 మిల్లీమీటర్లు. పిస్టన్ అల్యూమినియం, అది జారే గోడ ఇనుము. 50 మిల్లీమీటర్ల అల్యూమినియం పిస్టన్ 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.1 మిల్లీమీటరు లావెక్కుతుంది. ఇనుప గోడ అదే వేడికి అందులో సగమే పెరుగుతుంది. పైగా మంట నేరుగా తగిలేది పిస్టన్‌కి, గోడ వెనక గాలికి చల్లబరిచే రెక్కలు, అంటే ఫిన్లు. చల్లటి బండి స్టార్ట్ చేసి వెంటనే ఫుల్ త్రాటిల్ ఇస్తే పిస్టన్ ముందు ఉబ్బుతుంది, బోరు వెనకబడుతుంది. వాటి మధ్య ఉన్న ఖాళీ మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే. అది పూడుకుపోతే ఇంజన్ పట్టేస్తుంది. విప్పి చూస్తే పిస్టన్ చుట్టూ నాలుగు చోట్ల నిలువు గీతలు కనిపిస్తాయి. ఆయిల్ లేక పట్టేసిన పిస్టన్ మీద గీతలు ఇలా నాలుగు మూలలా పడవు, ఒళ్ళంతా గీసుకుపోయి ఉంటుంది. మెకానిక్ "ఆయిల్ తక్కువైంది" అంటే పిస్టన్ అడిగి తీసుకుని మీరే చూడండి.

అందుకని టూ స్ట్రోక్‌కి ఇంకో నిమిషం ఇవ్వండి. చోక్ మూసి, చేత్తో కొంచెం యాక్సిలరేటర్ పట్టుకుని సమంగా ఆడించండి. ఫిన్ల మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగలాలి. ఆ తర్వాత కూడా నాలుగైదు కిలోమీటర్లు సగం త్రాటిల్ దాటొద్దు. ఇందులో ఆయిల్ పంపు యాక్సిలరేటర్ తెరిచిన కొద్దీ ఎక్కువ ఆయిల్ ఇస్తుంది. పంపు పీకేసి పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపే వాళ్ళు లీటరుకి 25 మిల్లీలీటర్లు, అంటే 40కి 1, కలిపి బాగా కుదపాలి. చలిలో ఆయిల్ చిక్కబడి అడుక్కి దిగే ఇబ్బంది ఇక్కడ నిజంగానే ఉంది. ట్యాంకులో నేరుగా పోసి కలిసిపోతుందిలే అనుకోవద్దు, సీసాలో కలిపి పోయండి.

రెండోది పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్. ఇనుప బారెల్ బరువు, పెద్ద పిస్టన్, నిదానంగా ఆడే ఐడిలింగ్. ఆయిల్ పంపు కూడా ఆ నిదానంతోనే తిరుగుతుంది, రాకర్లకి ఆయిల్ చేరడం జపాన్ బండి కంటే ఆలస్యం. ఒకటిన్నర, రెండు నిమిషాలు ఇవ్వడం న్యాయమే, కాకపోతే ఐడిలింగ్ మామూలు కంటే కాస్త పైన ఉంచాలి. దుగ్ దుగ్ శబ్దం అందంగా ఉందని మరీ తక్కువ ఐడిలింగ్‌లో పెట్టి వినడం రాకర్ల ఖర్చుతో కొన్న సంగీతం.

బుల్లెట్ కిక్ దగ్గర ఓపిక అవసరం. పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటుని తెంచే పాత తరహా స్విచ్చు) ఉన్న బండి అయితే తాళం ఆన్ చేసి కిక్ రాడ్‌ని చేత్తో తోసినంత మెల్లగా కాలితో దించండి. కరెంటు చూపించే అమ్మీటర్ ముల్లు మైనస్ వైపు వాలి ఉండి, పాయింట్లు తెరుచుకున్నప్పుడు సున్నాకి వస్తుంది. కంప్రెషన్ గట్టిగా తగిలిన చోట, ఆ ఒత్తిడిని వదిలేసే డీకంప్రెషన్ లివర్ పట్టి, ముల్లు సున్నాకి వచ్చి పిస్టన్ పై అంచు కొంచెం దాటే దాకా దించండి. లివర్ వదలండి, కిక్ రాడ్‌ని పూర్తిగా పైకి రానివ్వండి, అప్పుడు చివరిదాకా ఒకే ఊపులో కొట్టండి. సగంలో కాలు ఆపితే బ్యాక్ కిక్ మోకాలికి తగులుతుంది. పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. రెండు కిక్కుల బుల్లెట్ చలికాలం పది కిక్కుల బండి అయిందంటే నేను మొదట చూసేది కార్బొరేటర్‌ని కాదు, ఆ పాయింట్లనే.

ఇక అసలు వాదనకి వస్తాను. బండి చోక్‌తో ఎలా మెలుగుతుందో చూసి దాని లోపల ఏముందో చాలావరకు చెప్పేయొచ్చు.

జనవరి పొద్దున చోక్ లేకుండా మొదటి కిక్కుకే స్టార్ట్ అవుతుందని గొప్ప చెప్పుకునే బండి ఉందనుకోండి. అది మామూలుగానే పెట్రోల్ ఎక్కువ తాగుతోందన్నమాట. ప్లగ్గు విప్పితే నల్లటి మసి ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, ఫ్లోట్ మట్టం ఎక్కువై ఉండొచ్చు, చోక్ ప్లంజర్ కింద రబ్బరు అరిగి ఎప్పుడూ కారుతూ ఉండొచ్చు. మైలేజీ పడిపోయిందని ఇంకోచోట వెతికే ముందు ఈ గొప్పని అనుమానించండి.

దీనికి తిరగబడ్డ జబ్బు ఎక్కువ మందికి ఉంటుంది. మూడు కిలోమీటర్లు వెళ్ళినా చోక్ మూస్తే ఆగిపోతుంది, సిగ్నల్ దగ్గర రేస్ ఇస్తూ ఉండాలి. ఐడిలింగ్‌కి పెట్రోల్ అందడం లేదు. దానికి మొదటి కారణం పైలట్ జెట్, ఐడిలింగ్‌కి పెట్రోల్ ఇచ్చే సన్నటి రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క. కీహిన్ కార్బొరేటర్ జెట్ మీద 38 అని ఉంటే రంధ్రం 0.38 మిల్లీమీటర్లు. విప్పి ట్యూబ్‌లైటు వైపు పెట్టి ఒక కన్ను మూసి చూడండి. శుభ్రంగా ఉంటే సూది మొనంత గుండ్రటి వెలుగు కనిపిస్తుంది. ఆ వెలుగు అర్ధచంద్రంలా ఉన్నా, మసకగా ఉన్నా లోపల ఎండిన పెట్రోల్ పొర కట్టిందన్నమాట. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి నానబెట్టండి. అప్పటికీ రాకపోతే కరెంటు వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగు దూర్చండి. పిన్నీసు, గుండుసూది పెట్టారో రంధ్రం పెద్దదవుతుంది, కొత్త జెట్ కొనాల్సిందే. జె.సి. రోడ్డు స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరుకుతుంది, కానీ పాతదాని మీదున్న నంబరు చూపించి తీసుకోండి, "స్ప్లెండర్‌ది ఇవ్వండి" అంటే ఏదో ఒకటి ఇచ్చేస్తారు.

జెట్ బాగుంటే తర్వాతి అనుమానం దొంగ గాలి. కార్బొరేటర్‌కీ హెడ్డుకీ మధ్య రబ్బరు మానిఫోల్డ్ బీటలిచ్చి ఉంటుంది, లేదా అక్కడ సీలుగా పెట్టే రబ్బరు ఓ-రింగు గట్టిపడి పల్చబడి ఉంటుంది. చలికి రబ్బరు ఇంకాస్త బిగుసుకుని ఆ సందు పెరుగుతుంది, బండి వేడెక్కాక మెత్తబడి తగ్గుతుంది. వార్మప్‌తో సర్దుకునే జబ్బుగా కనిపించడానికి కారణం అదే. ఐడిలింగ్‌లో ఉంచి ఆ జాయింటు చుట్టూ సబ్బునీళ్ళు సిరంజితో వదలండి. ఇంజన్ చప్పుడు మారితే దొంగ దొరికినట్టే.

టాపెట్లు, అంటే వాల్వ్‌ల దగ్గర ఉంచే సన్నటి సందు, బిగుసుకున్నా చలిలోనే మొదట తెలుస్తుంది. వాల్వ్ పూర్తిగా మూసుకోక కంప్రెషన్ జారిపోతుంది, కిక్ రాడ్ తేలిగ్గా దిగిపోతుంది. చప్పుడు రావట్లేదు కదా అని సంతోషించే విషయం కాదది. కాస్త టిక్ టిక్ అనే టాపెట్ కంటే చప్పుడే లేని టాపెట్ ప్రమాదం. సెట్టింగ్ రాత్రంతా చల్లారిన ఇంజన్ మీద, ఆ సందుని కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చేయించాలి. బండి నడుపుకుంటూ వెళ్ళి వేడిమీద చేయించుకుంటే ఆ కొలతకి అర్థం లేదు.

ఐడిలింగ్‌లో పెట్రోల్, గాలి పాళ్ళు సర్దే మిక్సర్ స్క్రూ గురించి ఒక మాట, ఎందుకంటే దీన్ని తలకిందులుగా తిప్పేవాళ్ళే ఎక్కువ. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని అదుపు చేసేది, లోపలికి బిగిస్తే రిచ్ అవుతుంది. ఇంజన్ వైపు ఉంటే పెట్రోల్‌ని అదుపు చేసేది, బయటికి విప్పితే రిచ్. మెల్లగా అడుక్కి తగిలే దాకా బిగించి, ఒకటిన్నర చుట్టు విప్పి మొదలుపెట్టండి. బాగా వేడెక్కిన ఇంజన్ మీద పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఐడిలింగ్ అత్యంత ఎక్కువగా వచ్చే చోట ఆపండి. తర్వాత ఐడిలింగ్ స్క్రూతో 1,400 ఆర్‌పీఎం దగ్గరికి దించండి. డిసెంబరులో పొద్దున నిలబడట్లేదని ఐడిలింగ్ స్క్రూ బిగించేసి వదిలేస్తారు. మధ్యాహ్నం ట్రాఫిక్‌లో అదే బండి 2,000లో అరుస్తుంది, గేర్లు కరకరలాడతాయి.

ఇక్కడి మన తెలుగువాళ్ళ బళ్ళకి ఇంకో ప్రత్యేకమైన తిప్పలు ఉంది. విజయవాడ నుంచో నెల్లూరు నుంచో ట్రెయిన్ పార్సిల్‌లో వచ్చిన బండి. ఎక్కించే ముందు ట్యాంకు ఖాళీ చేస్తారు, అడుగున తుప్పు పొడి మిగులుతుంది, ఇక్కడ కొత్త పెట్రోల్ పోయగానే అదంతా బౌల్‌లోకి దిగుతుంది. పైగా ఆ ఊళ్ళలో చోక్ అనే వస్తువుతో అవసరమే రాదు. ఏళ్ళ తరబడి కదలని లివర్ లేదా కేబుల్ పట్టేసి ఉంటుంది. సగంలో ఇరుక్కుని, మూసినట్టు కనిపించినా కొంచెం తెరుచుకునే ఉంటుంది. అక్కడి సెట్టింగ్ మీద ఇక్కడ గాలి పల్చన కాబట్టి బండి నాలుగైదు శాతం రిచ్‌గా నడుస్తుంది, మధ్యాహ్నాలు పికప్ కొంచెం మందం. బండి దిగిన వారంలో కార్బొరేటర్ విప్పి కడిగించి, చోక్ కేబుల్‌కి నాలుగు చుక్కల ఆయిల్ పోస్తే ఈ తలనొప్పిలో చాలా భాగం పోతుంది.

ఈ మధ్య చలి స్టార్ట్ కష్టమవడానికి ఇంకో కారణం పెట్రోలే. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20ని 2023 ఫిబ్రవరి 6న ఇదే బెంగళూరులో ప్రారంభించారు, ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరికేది అదే. ఇథనాల్‌కి పెట్రోల్‌లా తేలిక భాగాలు ఉండవు, మొత్తం 78 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం. ఆవిరి కావడానికి పెట్రోల్ కంటే రెండున్నర రెట్లు వేడి లాక్కుంటుంది. పైగా దానికి గాలి తక్కువ కావాలి. ఇథనాల్‌కి 9 పాళ్ళు, ఈ20కి 13.5 దగ్గర. 14.7 కోసం చేసిన పాత జెట్లు దాన్ని పోస్తే మిక్సర్ లీన్ అవుతుంది, అంటే గాలి ఎక్కువై ఇంధనం చాలదు, ఆ తేడా మొదట బయటపడేది చలి ఐడిలింగ్‌లోనే. ఇంజెక్షన్ బండిలో సెన్సర్ చూసుకుంటుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చే ముందు నాటి కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు, మనమే చేయాలి. మిక్సర్ స్క్రూ పావు నుంచి అర చుట్టు రిచ్ వైపు తిప్పండి. చాలకపోతే పైలట్ జెట్ ఒక్క సైజు పెంచండి. యాక్సిలరేటర్ ఎక్కువ తెరిచినప్పుడు పెట్రోల్ ఇచ్చే మెయిన్ జెట్ జోలికి ప్లగ్గు రంగు చూడకుండా వెళ్ళొద్దు.

ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. మూడు వారాలు ఊరెళ్ళి వచ్చిన బండి స్టార్ట్ కాకపోతే చోక్‌తో కుస్తీ పట్టకండి. బౌల్ అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటుంది, ఒక పెప్సీ సీసా మూత పట్టుకుని విప్పండి. వచ్చినదాంట్లో అడుగున చిన్న చిన్న బుడగల్లా విడిగా కనిపించేవి నీళ్ళు. తేలిక భాగాలు ఎగిరిపోయిన ఆ పాత పెట్రోల్ పారబోసి, ట్యాప్ తెరిచి కొత్తది దింపితే చాలాసార్లు రెండో కిక్కుకే అందుకుంటుంది. ఊరెళ్ళే ముందు ట్యాప్ మూసి బౌల్ ఖాళీ అయ్యేదాకా ఇంజన్ ఆడిస్తే ఈ పనీ ఉండదు. రాత్రిపూట ట్యాప్ మూయడం ఎలాగూ మంచిదే. బౌల్ నిండగానే పెట్రోల్‌ని ఆపే ఫ్లోట్ నీడిల్ అరిగిన బండిలో తెల్లారేసరికి పెట్రోల్ బోరులోకి, అక్కడినుంచి ఆయిల్‌లోకి కారుతుంది.

కొట్టీ కొట్టీ పెట్రోల్ ఎక్కువైపోతే, ప్లగ్గు తడిసిపోతే, చోక్ మూసి యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి, తాళం ఆఫ్‌లో అయిదారు కిక్కులు కొట్టండి. గాలి దూరి ఆరుతుంది. తర్వాత తాళం ఆన్ చేసి, చోక్ లేకుండానే ప్రయత్నించండి.

చివరగా నంది కొండ వెళ్ళే బ్యాచ్‌లకి. 1,478 మీటర్ల పైన, సూర్యోదయం కోసం గంటసేపు పార్క్ చేసిన బండి పూర్తిగా చల్లారదు, పూర్తిగా వేడిగానూ ఉండదు. దిగేటప్పుడు అలవాటుగా ఫుల్ చోక్ లాగితే ప్లగ్గు తడుస్తుంది. మొదట చోక్ లేకుండా, యాక్సిలరేటర్ కొద్దిగా తెరిచి మూడు కిక్కులు కొట్టండి. అందుకోకపోతే సగం చోక్. పొగమంచులో ఒకే వేగంతో చాలాదూరం పోయాక ఇంజన్ ఊరికే నీరసించి ఆగిపోయి, ఐదు నిమిషాలు ఆగితే ఏమీ జరగనట్టు మళ్ళీ స్టార్ట్ అయితే, పెట్రోల్ ఆవిరయ్యే చల్లదనానికి కార్బొరేటర్ గొంతులో తేమ మంచుగా కట్టి ఉండొచ్చు. మన దగ్గర అరుదు. ఇంజన్ వేడి కార్బొరేటర్‌కి పాకితే అది కరిగిపోతుంది, ఏదీ విప్పక్కర్లేదు. కొండ దిగుతూ మాత్రం ఇంజన్ ఆఫ్ చేసి న్యూట్రల్‌లో జారకండి. కింద టోల్ రోడ్డు ఎక్కి ఒక్కసారిగా 80 లాగేసరికి ఇంజన్ మళ్ళీ చల్లటిదే అయి ఉంటుంది, అది ఆర్ఎక్స్ అయితే పిస్టన్ పట్టేయడానికి అంతకంటే అనువైన చోటు లేదు.